చలివాగు అయ్యగారు

నాచారం,
2024 అక్టోబరు 3.

అక్కా, ముందు వందనాలు, తర్వాత సంగతులు.

ఉత్తరం చూసి ఎవరో పోయారనుకోకు. అందరం ఉన్నాం. ఫోన్ చేస్తే నీ చెవి మిషన్ కీచుమంటుంది, నువ్వు నా మీద కేకలేస్తావు, నేను పోయి గ్రేసీ మీద కేకలేస్తాను. పోనీ వద్దామంటే, డాబా మీద ట్యాంకులో నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూడబోయి జారిపడ్డాను. ఎడమ చీలమండకు ఆరు వారాల పిండికట్టు. నువ్వు మాత్రం రావద్దు. లిఫ్టు లేని మూడో అంతస్తు దిగి మళ్ళీ ఎక్కే మోకాళ్ళు కావు నీవి. మా వీధి హనుమాండ్లు రోజూ నాచారం నుంచి ఉప్పల్‌కు షేర్ ఆటో తోలుతాడు. ఉత్తరం అతనే తెస్తాడు, జవాబు అతనికే ఇవ్వు.

ఇక అసలు సంగతి. ఒక పాత సెమినరీ లైబ్రరీ మూసేస్తూ పుస్తకాలను గోనెసంచులకెత్తుతుంటే ఒకటి అడిగి తెచ్చుకున్నాను, గుర్తుందా? నీకు చూపిస్తే ఇంట్లోకి చెదలు తెచ్చావన్నావు. అది ఓబద్యా విట్‌కోంబ్ అనే పాదిరిగారి డైరీ, ప్రసంగాలు. మూడు వందల ముప్పై ఏళ్ళ కిందటి మనిషి. ఇంగ్లండు నుంచి అమెరికాకు వలసపోయిన ప్యూరిటన్లనే నిష్ఠాపరుల గుంపులోని వాడు. నవ్వాలన్నా ముందు బైబిల్లో ఆధారం వెతుక్కునే రకం. జీతం కింద మక్కలు, కట్టెలు ఇచ్చేవారట. ప్రసంగం రెండు గంటలు. మధ్యలో కునికేవాళ్ళను పొడవడానికి ఒకాయన కర్ర పట్టుకుని తిరిగేవాడట. పల్లె గుడిలో ఉపదేశిగా వాక్యం చెప్పిన మన నాన్నకు ఈ సంగతి తెలిసి ఉంటే ఆ కర్ర మన ఇంట్లో కూడా ఉండేది.

ముప్పై ఎనిమిదేళ్ళు ప్రెస్సులో ఊరందరి అచ్చుతప్పులు దిద్దాను. ఇప్పుడు సొంతంగా నాలుగు తెలుగు ముక్కలు రాద్దామని ఈ పుస్తకం పట్టుకున్నాను. నా పద్ధతి చెబుతాను విను. చదివేవాళ్ళకు ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా అడ్డం పడకూడదు. ఆయన ఊరు కోల్డ్ బ్రూక్. నేను చలివాగు అని పెట్టాను. వాళ్ళకు మార్చి మొదటి నెల, ఎనిమిదో నెల అంటే మన అక్టోబరు, కాబట్టి అక్టోబరు అనే రాశాను. మక్కపిండి జావను గటుక అన్నాను. ఆయన ఎవరు, ఏ కాలం వాడు అన్నదంతా ముందుమాటలో వస్తుంది. అది ఆఖర్న రాస్తాను. ముందుమాట ముందు రాసినవాణ్ణి నేను ప్రెస్సులో ఒక్కణ్ణీ చూడలేదు. ఇంకొక పద్ధతి, తర్వాతి పేజీ ముందే చదవను. ఆయన ఎట్లా బతికాడో నేనూ అట్లాగే ఒక్కో రోజూ రాసుకుంటూ పోతాను.

పన్నెండు కాగితాలు పంపుతున్నాను. మీ శుక్రవారం ఉపవాస కూడికలో చదివి, అర్థం కాని మాట ఉంటే కింద గీత గీసి పంపు.

నీ తమ్ముడు,
ఒంటికాలి హెన్రీ


ఉప్పల్,
అక్టోబరు 5.

అరే హెన్రీ,

అరవై ఎనిమిదేళ్ళవాడికి ట్యాంకులో నీళ్ళు చూసే పని దేనికి? నీళ్ళు ఉంటే కుళాయిలో వస్తాయి, లేకపోతే రావు. గ్రేసీకి నా ప్రేమ చెప్పు. దానిది ఓపిక కాదు, కృపావరం.

నిన్న నీ కాగితాలు చదివాను. మా ఇంట్లో కూడే స్త్రీల సమాజంలో శుక్రవారం శుక్రవారం మిషనరీల ఉత్తరాలు చదువుతాం కదా, ఒరిస్సా ఉత్తరం అయిపోగానే వీటిని ఎత్తుకున్నాను. ఒరిస్సా ఉత్తరానికి సగం మంది కునికారు. నీ అయ్యగారికి ఒక్కరు కూడా కునకలేదు. సీసాలో సిరా గడ్డకట్టిందన్న చోట కమలకుమారి కొంగు నిండా కప్పుకుంది. మా సమాజానికి కార్యదర్శి ఆమే, తెలుసుగా? ఆమె కదిలితే అందరూ కదులుతారు. "పేరు ఓబద్యా అంటె మనోడే. సలివాగు పరకాల దిక్కు గదా రూతక్కా, మా మరదలి అత్తగారూరు ఆడ్నే" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

ఏ మాట కిందా గీత గీయలేదు. ఇంకా పంపు.

రూతు


నాచారం,
అక్టోబరు 9.

మెచ్చుకున్న అక్కకు మళ్ళీ వందనాలు.

నీ ఉత్తరం గ్రేసీకి రెండుసార్లు చదివి వినిపించాను. కృపావరం అన్న చోట ఆమె మూడోసారి చదవమంది.

ఈసారి కాగితాల్లో అయ్యగారి కొడుకు వస్తాడు. నతనయేలు, ఆరేళ్ళు. కర్ర పట్టుకుని తిరిగే ఆయన టోపీలో కప్పను పెట్టాడు. అయ్యగారు డైరీలో ఏం రాసుకున్నాడో తెలుసా? "పశ్చాత్తాపపడమన్నాను. పడ్డాడు. కప్ప దొరకలేదు." ఇంత పెద్ద పుస్తకంలో నవ్వు వచ్చేది అక్కడొక్కచోటే. రాసినాయనకు ఆ సంగతి తెలియదు. చివరి కాగితంలో పిల్లవాడికి కొంచెం దగ్గు, జ్వరం. అక్కడిదాకా రాశాను.

హనుమాండ్లు మీ మెట్ల మీద జవాబు కోసం కూర్చుని కూడికంతా విన్నాడట. "మీ సారు మంచిగ రాస్తుండు అమ్మా" అని గ్రేసీతో అన్నాడు. నన్నే అంటున్నాడనుకుని పొంగిపోయాను. ఓబద్యాగారినట.

హెన్రీ


ఉప్పల్,
అక్టోబరు 12.

తమ్ముడూ, ఒక చిక్కు వచ్చింది. కూర్చుని చదువు. నిలబడలేవనుకో, అయినా చెబుతున్నాను.

నిన్న కప్ప సంగతి చదివితే అందరూ కడుపుబ్బ నవ్వారు. తర్వాత దగ్గు, జ్వరం చదివాను. చదివి ముగించానో లేదో, కమలకుమారి ప్రార్థన మనవులు రాసే పుస్తకం తెరిచి, "నతనయేలు, ఆరేండ్లు, చలివాగు, జరం" అని రాసేసింది. ఆయన చనిపోయి మూడు వందల ఏళ్ళయింది, ఆ పిల్లవాడి మునిమనవలు కూడా ఉండరు అని చెబుదామని లేచాను. అప్పటికే ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. కమలకుమారి ప్రార్థనను మధ్యలో ఆపినవాళ్ళు ఉప్పల్‌లో లేరు. నలభై నిమిషాలు చేసింది. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి అందరి ముఖాలూ తడిసి ఉన్నాయి. నేను మళ్ళీ కూర్చున్నాను.

పొరపాటు ఎవరిదో తెలుసా? ఊరిని చలివాగు చేసిందెవరు? సంవత్సరం ఎత్తేసిందెవరు? ముందుమాట ముందు రాస్తే నీ ముల్లె ఏం పోయేది?

సరే, అయిందేదో అయింది. సులువైన దారి ఒకటుంది. పిల్లవాడికి తగ్గిన కాగితం వెంటనే పంపు. అది చదివేసి, స్తోత్రం చెప్పి, "ఇది పాతకాలపు సంగతి" అని మెల్లగా ముగించేస్తాను. తగ్గిందని వినిపించాక ఎంత పాతదైనా ఎవరూ కోపగించుకోరు.

రూతు

హనుమాండ్లు కూడా ఆ పిల్లవాడి కోసం యాదగిరిగుట్టకు తలనీలాలు మొక్కుకున్నాడట. వెళ్తూ వెళ్తూ చెప్పాడు.


నాచారం,
అక్టోబరు 16.

అక్కా,

పిల్లవాడి కాగితాలు ఇంకా సాపు రాయలేదు. కాలు సలుపుతోంది. ఈలోగా మీ కూడిక ఆగకూడదని అయ్యగారి ప్రసంగాలు రెండు పంపుతున్నాను. తెలుగు బాగా కుదిరింది. మొదటిది సొంత జుట్టు మీద కృత్రిమ కేశాలు ధరించే పురుషుల గురించి. మీ ఆడవాళ్ళలో ఎవరినీ నొప్పించదు. రెండోది క్రిస్మస్ గురించి. అది నీ దగ్గరే పెట్టుకో, చదవకు. ప్యూరిటన్లకు క్రిస్మస్ అంటే పడదు.

నా పద్ధతి తప్పి నాలుగు పేజీలు ముందుకు చదివాను. చదవకుండా ఉండాల్సింది.

హెన్రీ


ఉప్పల్,
అక్టోబరు 19.

ఘనత వహించిన ప్రూఫ్ రీడరుగారికి,

జ్వరం సంగతి అడిగితే విగ్గు సంగతి పంపావు.

మా జగన్మోహన్ పాస్టరుగారి తల మీద సెప్టెంబరు నుంచి కొత్త పంట వచ్చిన సంగతి నీకు తెలియదా? ఎట్లా తెలుస్తుంది, గుడికి వచ్చినా నువ్వు పాటల పుస్తకంలో తప్పులు వెతుకుతూ కూర్చుంటావు. నిన్న ఆయన ముగింపు ప్రార్థనకని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. నేను నా ధోరణిలో చదువుతున్నాను. "దేవుడు లెక్కించిన వెంట్రుకలు చాలక గుర్రపు వెంట్రుకలు అరువు తెచ్చుకునే కాపరీ, గొర్రెలు నీ స్వరమును ఎట్లు గుర్తుపట్టును?" అన్న చోట గది నిశ్శబ్దమైంది. నా చెవి మిషన్ ఆగిపోయిందేమోనని తట్టి చూసుకున్నాను. తలెత్తితే పదిహేను మంది ఆడవాళ్ళూ గోడ మీది క్యాలెండరే చూస్తున్నారు. పాస్టరుగారు లేచి, ఫ్యాను వేగం తగ్గించి, మళ్ళీ కూర్చున్నాడు.

వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర ఆగి, "ఎవరమ్మా ఈ ఓబద్యా? ఏ మిషన్? నా సంగతి ఆయనకెవరు చెప్పిన్రు?" అన్నాడు.

నీకు చేతులెత్తి మొక్కుతాను, పిల్లవాడికి తగ్గిన కాగితం పంపు. ఒక్క పేజీ చాలు.

రూతు


నాచారం,
అక్టోబరు 22.

అక్కా, క్షమించు. విగ్గు సంగతి నిజంగా తెలియదు. కాగితం పంపుతాను. తొందరపెట్టకు.

హెన్రీ


ఉప్పల్,
అక్టోబరు 26.

హెన్రీ,

మూడు ముక్కల ఉత్తరం రాసేంత కోపం నాకు రావాలి గానీ నీకెందుకు వచ్చింది? పాస్టరుగారి ముందు నీ అయ్యగారిని నేను వెనకేసుకు రాలేదని అలిగావా? అలక తర్వాత చూసుకుందాం, ముందు ఇక్కడ ఏం జరిగిందో విను.

క్రిస్మస్ ప్రసంగం నేను చదవలేదు. బైబిలు కింద దాచాను. ఆ బైబిలే కావాలని కమలకుమారి తీసింది, కాగితాలు కనబడ్డాయి, నిలబడి చివరిదాకా చదివింది. "క్రీస్తు పుట్టిన దినమని నక్షత్రములు వ్రేలాడదీసి, విందులు చేసి, కడుపు పట్టుకొని నిద్రించువారలారా" అన్న చోట ఇద్దరు ఏడ్చారు. అక్కడికక్కడే తీర్మానం చేశారు. ఈ ఏడాది స్త్రీల సమాజం నక్షత్రం కట్టదు, కేకు కోయదు, బిర్యానీ డేగ్చాలకు కట్టెలు కూడా ముట్టదు. అటు పాస్టరుగారు డిసెంబరు మొదట్లో పెట్టే సెమీ క్రిస్మస్ ఫ్లెక్సీకి ఆర్డరు ఇచ్చేసి ఉన్నాడు. కబురు తెలిసి ఆటోలో వచ్చాడు. "గా ఓబద్యాగారిని పిలిపియ్యున్రి, స్టేజీ మీదనే మాట్లాడుకుంటం" అన్నాడు. ఆ ఫ్లెక్సీలో "ప్రత్యేక వర్తమానికులు: రెవ. ఓబద్యాగారు, చలివాగు" అని ప్రసంగీకుడిగా పేరు కూడా వేయించాడట. ఫొటో కోసం నన్ను అడుగుతున్నారు.

అంతటితో అయిపోలేదు. "గంత సలిల పిలగానికి స్వెటర్ గూడ లేకుంటె ఎట్ల రూతక్కా?" అని ఇంటింటికీ తిరిగి దుప్పట్లు జమచేశారు. నలభై రెండు. నా మంచం కింద, సోఫా వెనక, బాత్రూం పైన అటకలో అన్నీ దుప్పట్లే. నేను పక్కకు తిరిగి నడుస్తున్నాను. వచ్చే రెండో శనివారం, తొమ్మిదో తేదీన, వ్యాను మాట్లాడుకుని చలివాగుకు పోతారట. పరకాల దాటాక ఎవరినైనా అడిగితే చెబుతారని కమలకుమారికి నమ్మకం. ఆమె అడగడం మొదలుపెడితే పరకాలలో ఎవరో ఒకరు ఓబద్యాగా ఒప్పుకుంటారని నాకు భయం.

శుక్రవారానికి పిల్లవాడి కాగితం నా చేతిలో ఉండాలి. లేకపోతే నేనే మెట్లు దిగి నాచారం వస్తాను. నా మోకాళ్ళు నీ ప్రాణానికి చుట్టుకుంటాయి.

రూతు


నాచారం,
అక్టోబరు 30.

అక్కకు,

అలగలేదు. నువ్వడిగిన కాగితం ఇదే. చదివి, నువ్వనుకున్నట్టే ముగించెయ్యి.

హెన్రీ

(జత చేసిన కాగితం)

అక్టోబరు 30. నేటి ఉదయం నతనయేలుకు జ్వరం విడిచింది. నన్ను గుర్తుపట్టి నవ్వాడు. ఏం కావాలని అడిగితే సీతాఫలం కావాలన్నాడు. నేనే వెళ్ళి తెచ్చాను. నేను తిరిగి వచ్చేసరికి మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు. నా ఒళ్ళో కూర్చుని మొత్తం తిన్నాడు. గింజలు నా అరచేతిలో ఉమ్మాడు. దేవునికి స్తోత్రం.


ఉప్పల్,
నవంబరు 2.

హెన్రీ, నా తండ్రీ,

మంచు కురిసే ఊళ్ళో సీతాఫలం ఎక్కడిదిరా?

నిన్న శుక్రవారం చదవడానికి కాగితం విప్పాను. మొదటి రెండు వాక్యాలు కళ్ళతో చూసుకుని మూడోది దగ్గరికి వచ్చేసరికి మడిచి బైబిల్లో పెట్టాను. కళ్ళు మసకగా ఉన్నాయి, ఈవేళ చదవలేనన్నాను. అది అబద్ధం కాదు.

ఆ రోజు దవాఖానా వరండాలో నేనూ ఉన్నాను, మరిచిపోయావా? బ్లెస్సన్ సీతాఫలం అడిగితే నువ్వు చెప్పులు వేసుకోకుండా పరుగెత్తావు. ముప్పై అయిదేళ్ళయింది. ఆ తర్వాత ఒక్కసారి కూడా నీ నోట నీ కొడుకు పేరు వినలేదు. పేరెత్తితే నువ్వు లేచి వెళ్ళిపోతావని మేమూ మానేశాం. నేను చేసిన తప్పు అది. గ్రేసీ ముందు కూడా ఎత్తేదాన్ని కాదు.

పుస్తకంలో ఆ పిల్లవాడికి తగ్గలేదు, కదా? అందుకేనా ఇన్నాళ్ళూ నాకు విగ్గులూ క్రిస్మస్‌లూ పంపావు? నేనేమో అలిగావనుకుని నీతో ఎకసెక్కాలాడాను.

అయితే నేను చదవనంత మాత్రాన ఇక్కడ కథ ఆగలేదు. ఆ కాగితం ఇస్తూ నువ్వు హనుమాండ్లుతో తగ్గిందన్నావట. అతను గురువారమే గుట్టకు పోయి మొక్కు తీర్చుకుని, నున్నటి గుండుతో, లడ్డూ ప్రసాదంతో కూడికకు వచ్చాడు. మెట్ల మీద నుంచే, "అమ్మలాలా, పిలగానికి తగ్గిందట" అని చెప్పేశాడు. కమలకుమారి చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంది. పదిహేను మంది పాడుతుంటే నేను ఆ గుండు వైపు చూస్తూ కూర్చున్నాను. పాస్టరుగారు కూడా అటే చూస్తున్నాడు.

ఇట్లా వదిలేయలేను. అసలు పేజీ రాసి పంపు. నీ చేత్తోనే రాయి.

అక్క


నాచారం,
నవంబరు 5.

అక్కా,

ఇదిగో.

"నవంబరు 11. తెల్లవారకముందే నతనయేలు వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ రెండు నెలలు. యెహోవా ఇచ్చెను, యెహోవా తీసికొనిపోయెను. మధ్యాహ్నం ఆదివారపు ప్రసంగం ముగించాను. సిరా మళ్ళీ గడ్డకట్టింది."

అంతే. ఇంకొక్క మాట లేదు. ఆ తర్వాత ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు బతికాడు. కోడి పోతే రాశాడు, కంచె విరిగితే రాశాడు. ఏటా నవంబరు 11 అని తేదీ వేసి, కింద ఖాళీగా వదిలేశాడు. ముప్పై ఒక్క ఖాళీలు. మొదట అచ్చుతప్పనుకున్నాను.

ఆ రోజు దవాఖానా ముందు బండ్ల మీద ఒక్కటీ మాగిన పండు లేదు. ఉప్పల్ రోడ్డు మీద పొలాల ఆడవాళ్ళు గంపల్లో అమ్ముతారని ఎవరో చెబితే బస్సెక్కి వచ్చాను. రెండు దొరికాయి. నొక్కితే చిట్లుతాయని దారంతా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాను. వరండాలోకి వచ్చేసరికి గ్రేసీ కింద కూర్చుని ఉంది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడ్వకు. ఉపదేశి కొడుకు ఏడిస్తె ఊరు ఏమనుకుంటది, మనకు నిరీక్షణ లేదనుకుంటది" అన్నాడు. నేను ఏడవలేదు. మర్నాడు ప్రెస్సుకు వెళ్ళాను. క్రిస్మస్ పాటల పుస్తకం ప్రూఫు వచ్చి ఉంది. అరవై నాలుగు పేజీలు చదివాను. ఒక్క తప్పు కూడా జారనివ్వలేదని యజమాని మెచ్చుకున్నాడు.

ఓబద్యాగారి పేజీ చదివినప్పుడు ఆయన మీద నాకు కోపం వచ్చింది అక్కా. ఇంత రాయి మనిషా అనుకున్నాను. తర్వాత ఆ ఖాళీలు చూశాను. ఆయన్ను తిట్టే నోరు నాకు లేదు.

ముప్పై ఎనిమిదేళ్ళలో రచయిత రాయని కామా ఒక్కటి పెట్టినవాణ్ణి కాదు. మొన్న ఒక పేజీ మొత్తం పెట్టాను. ఆడవాళ్ళకు ఏం చెబుతావో నీ ఇష్టం. నా పేరు చెప్పినా పరవాలేదు. హనుమాండ్లు జుట్టు సంగతే ఎట్లా చెప్పాలో తెలియడం లేదు. పాపం రోజూ టోపీ పెట్టుకుని వచ్చి, కాలు ఎట్లా ఉందని అడుగుతున్నాడు.

హెన్రీ


ఉప్పల్,
నవంబరు 8.

తమ్ముడూ,

ఈవేళ చెప్పేశాను. కమలకుమారి ప్రార్థన మొదలుపెట్టక ముందే లేచి, తలుపు గడియ వేసి, నువ్వు పంపిన అసలు పేజీ చదివాను. తర్వాత ఊరు, దేశం, సంవత్సరం అన్నీ చెప్పాను. 1693 అన్నాను.

కమలకుమారి వేళ్ళ మీద లెక్కపెట్టి, "మూడు నూర్ల ఏండ్లా? మరి నేను రెండు పూటల ఉపవాసముంటి గద రూతక్కా" అంది. దుప్పట్ల మీద కూర్చున్న వాళ్ళు నవ్వాలా వద్దా అని ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను తిట్లకు సిద్ధంగా నిలబడ్డాను. ఆమె మనవుల పుస్తకం తెరిచి ఆ పిల్లవాడి పేరు మీద వేలు పెట్టుకుని, "గా పిలగాని కోసం ఎవ్వరన్న ఏడ్సిన్రా?" అని అడిగింది. తెలియదు, తండ్రి రాయలేదన్నాను. "అయితె మనమే ఏడ్వాలె" అని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఆమె మొదలుపెడితే మిగతా వాళ్ళు ఆగుతారా? ఎందుకు ఏడుస్తున్నామన్న అనుమానం ఎవరికీ రాలేదు.

అప్పుడు బ్లెస్సన్ సంగతి కూడా చెప్పాను. నిన్ను అడగకుండా చెప్పాను, తిట్టుకో. పాటల పుస్తకంలో తప్పులు దిద్దే హెన్రీగారికి ఒక కొడుకు ఉండేవాడని ఈ పదిహేను మందిలో ఒక్కరికీ తెలియదు. మనం అంత బాగా దాచాం.

హనుమాండ్లు గడియ వేసిన తలుపు బయట నుంచే అంతా విన్నాడు. తలుపు తీస్తే గుండు తడుముకుంటూ, "ఎంటికలే గదమ్మా, మల్ల వస్తయి" అన్నాడు. తర్వాత గోడ వైపు తిరిగాడు.

పాస్టరుగారు ఫ్లెక్సీ మీద ఓబద్యాగారి పేరుపై తెల్ల కాగితం అంటించమన్నాడు. నన్ను పక్కకు పిలిచి, "మూడు నూర్ల ఏండ్ల కింద రాసిండంటె, నా గురించి గాదన్నట్టే గద?" అని అడిగాడు. కాదన్నాను. మనిషి తేలికపడ్డాడు. నక్షత్రం కట్టడానికి మా వాళ్ళు కూడా ఒప్పుకున్నారు. "పండుగ జేసుకోకుంటె మనిషి గట్లనే అయితడు" అని కమలకుమారి తేల్చేసింది.

రేపు రెండో శనివారం. వ్యాను మాట్లాడిన మాట పోదు. చలివాగుకు బదులు, నువ్వు బ్లెస్సన్‌ను తీసుకుపోయిన ఆ దవాఖానాకే పోతున్నాం. లోపల పిల్లలుంటే బయట నేల మీద పడుకునే అమ్మానాన్నలు ఇప్పటికీ ఉన్నారు. నలభై రెండు దుప్పట్లూ వాళ్ళకే.

అక్కడి నుంచి నేరుగా నాచారం, మీ ఇంటికి. పదిహేను మంది. నేను కూడా మెట్లు దిగుతున్నాను, కమలకుమారి ఒక రెక్క, హనుమాండ్లు ఒక రెక్క పట్టుకుంటారట. సంస్మరణ కూడిక పెడుతున్నాం. ముప్పై అయిదేళ్ళు ఆలస్యంగా పెడితే చెల్లదని ఏ వాక్యంలోనూ లేదు, పాస్టరుగారిని అడిగే వస్తున్నాను. నీ కాలికి కట్టుంది కాబట్టి లేచి వెళ్ళిపోవడానికి నీకు వీలు లేదు. గ్రేసీని టీ పెట్టనివ్వకు, మేమే తెస్తాం. ఆమె పక్కన కూర్చో. ఏడవొద్దని చెప్పడానికి నాన్న లేడు. పెద్దదాన్ని నేను చెబుతున్నాను, ఏడువు.

నీ అక్క


నాచారం,
నవంబరు 14.

అక్కా,

నిన్న కట్టు విప్పారు. కాలు తెల్లగా, సన్నగా, ఎవరిదో అరువు తెచ్చినట్టుంది. నీ మోకాళ్ళు ఎట్లా ఉన్నాయి? మా ఇంట్లో పది చాయ్ గ్లాసులు, ఒక చెవి మిషన్ పెట్టె, కమలకుమారి చెప్పు ఒకటి మిగిలాయి. హనుమాండ్లు తెస్తాడు.

శనివారం మీరంతా వెళ్ళాక గ్రేసీ చాలాసేపు మాట్లాడింది. వాడికి లాగు గుండీలు పెట్టుకోవడం రాదని, పెట్టబోతే తన్నేవాడని చెప్పింది. నాకు ఆ సంగతి గుర్తులేదు. ఇంకా చాలా చెప్పింది. ఇద్దరం నవ్వాం కూడా. హనుమాండ్లు తెచ్చిన సీతాఫలాల్లో ఒకటి నేను తిన్నాను. ముప్పై అయిదేళ్ళ తర్వాత తిన్నాను. ఇంకొకటి కూడా తిన్నాను.

ముందుమాట రాసేశాను. మొదటి వాక్యంలోనే సంవత్సరం, దేశం, ఊరి అసలు పేరు పెట్టాను. కమలకుమారికి చూపించి, ఇక అనుమానం లేదు కదా అని అడిగి రా. అంకితం బ్లెస్సన్‌కు, నతనయేలుకు. ఓబద్యాగారి పేజీని ఆయన రాసినట్టే ఉంచాను. ఆ ముప్పై ఒక్క ఖాళీలు కూడా తేదీలతో సహా అచ్చులో ఖాళీలుగానే ఉంటాయి. కాగితం దండుగ అని ప్రెస్సువాళ్ళు అంటారు, అననీ.

మిగిలింది నేను కల్పించిన పేజీ. ప్రూఫ్ రీడరుగా అది తీసేయడం నా ధర్మం. నిన్న ఎర్ర పెన్ను తీసి అడ్డంగా గీత కొట్టబోయాను. గ్రేసీ నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని చదివింది. మళ్ళీ చదివింది. పుస్తకం చివర్లో వేరుగా, నీ పేరుతో వేసుకో, తీసేయకు అంది. అది జరగలేదు కదా అన్నాను.

"ఈ కాయితంల వాడు తిన్నడు గదా, ఉండనీ" అంది.

ఉంచాను.

నీ తమ్ముడు,
బ్లెస్సన్ నాన్న